మోకాళ్ళ మీద యాదన్న

నిన్న పొద్దున పాలు ఎప్పటిలాగే ఆరింటికే వచ్చాయి.

తెచ్చింది మాత్రం యాదన్న కాదు. వాళ్ళ తమ్ముడు. గిన్నెలో పాలు పోసి, క్యాన్ మూత పెట్టాక చెప్పాడు.

"అన్న సచ్చిపోయిండమ్మా. రాత్రి నిద్రల్నే."

"మరి ఇవాళ పాలెందుకు తెచ్చావు?" అన్నాను. ఎంత పిచ్చి ప్రశ్న!

"బర్లకు తెల్వదు గదమ్మా. పిండాలె గద."

రాస్తే బాధ కాస్త తగ్గుతుందేమోనని రాస్తున్నాను.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. యాదన్నకి చాంద్రాయణగుట్ట దగ్గర బర్రెల కొట్టం ఉంది. మా నాన్న పూజ చేసే గుడికీ, మా ఇంటికీ దాదాపు నలభై ఏళ్ళుగా ఆయన పాలే. నాకు ఏడేళ్ళప్పుడు వానకి మా గల్లీ మునిగితే, నన్ను భుజాన వేసుకుని మెయిన్ రోడ్డు దాకా మోసుకొచ్చింది ఆయనే. అప్పటి నుంచి నేను ఆయనకి చెల్లెని.

అప్పటి నుంచే నాకు నీళ్ళంటే భయం. నలభై నాలుగేళ్ళొచ్చినా పోలేదు.

ఆ భయం మీద పంతంతోనే, మా ఆఫీసు వాళ్ళు ఆదివారాలు దుర్గం చెరువులో స్టాండప్ ప్యాడిల్ నేర్పిస్తున్నారంటే పేరిచ్చాను. పెద్ద బోర్డు మీద నిలబడి, పొడుగాటి తెడ్డుతో నీళ్ళు తోసుకుంటూ వెళ్ళాలి. చెప్పడానికి అంతే.

తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు. మా ఆయన వెంటనే నొప్పంటూ నడుం పట్టుకున్నారు. పాలు పోస్తూ విన్న యాదన్న, "నేనొస్త చెల్లె, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

మొదటి ఆదివారం తలుచుకుంటే ఇప్పుడు కూడా నవ్వొస్తోంది. తప్పయితే క్షమించండి.

మేం కోచ్ కంటే ముందే చేరాం. యాదన్న బోర్డు మీద చెయ్యి వేసి నిమిరాడు. "గిట్ల గరుకుగున్నదేంది? ఎండిపోయింది పాపం" అన్నాడు. దీపావళి అయ్యాక సదర్ పండక్కి దున్నపోతుకి నూనె రాసి నిగనిగలాడించే మనిషి కదా, ఊరుకుంటాడా! సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి రెండు బోర్డులకీ ముద్దుగా పట్టించాడు. కుంకుమ బొట్టు కూడా పెట్టాడు.

కాలు జారకూడదనే అక్కడ గరుకు ఉంచుతారని మాకేం తెలుసు?

కోచ్ వచ్చాడు. "ఇదిగో, ఇలా సరిగ్గా మధ్యలో నిలబడాలి" అంటూ ఎక్కాడు. మాట పూర్తి కాకముందే నీళ్ళలో ఉన్నాడు. మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ పడ్డాడు.

యాదన్న నా చెవిలో, "ఈయనకే వస్తలేదు, మనకేం నేర్పుతడు చెల్లె?" అన్నాడు.

సంగతి తెలిశాక ఆ పూటంతా సబ్బు నురగతో బోర్డులు తోముతూ కూర్చున్నాడు. గడ్డితో, బర్రెను తోమినట్టే.

తర్వాతి వారాలు మాత్రం నాకు నవ్వు రాలేదు.

ముందు మోకాళ్ళ మీద ఉండి తెడ్డు వెయ్యాలి. బోర్డు కుదురుకున్నాక ఒక్కో పాదం ఆనించి లేవాలి. కిందకి చూడకూడదు, ఎదుటి ఒడ్డు చూడాలి. నేను ప్రతిసారీ కిందకే చూశాను. ప్రతిసారీ పడ్డాను. లైఫ్ జాకెట్ ఉంది, మునగనని తెలుసు. అయినా తల నీళ్ళలోకి వెళ్ళిన ఆ రెండు క్షణాలూ నాకు మళ్ళీ ఏడేళ్ళే.

మూడో వారం నుంచి లేవడమే మానేశాను. మోకాళ్ళ మీదే తిరిగేదాన్ని.

నా పక్కనే యాదన్న. ఆయన కూడా మోకాళ్ళ మీదే.

"నాకు గూడ మోకాళ్ళు లేస్తలేవు చెల్లె. అరవై ఏండ్లొచ్చె. గిట్లనే పోదాం, మస్తున్నది."

కుర్రవాళ్ళు మా పక్కనుంచి నిలబడి సర్రున వెళ్ళిపోయేవాళ్ళు. మేమిద్దరం మాత్రం ఒడ్డు వదలకుండా, కబుర్లు చెప్పుకుంటూ. నాకెంత ధైర్యంగా ఉండేదో! నిజం చెప్పాలంటే, నాలాగే నిలబడటం రానివాళ్ళు ఇంకొకరున్నారని లోపల కాస్త సంతోషం కూడా.

మొన్న ఆదివారం వెళ్ళలేదు. చుట్టాలొచ్చారని ఆయనకి అబద్ధం చెప్పాను. ఎవరూ రాలేదు. ఇక నా వల్ల కాదనుకున్నాను, అంతే.

"సరే తియ్. నేనైతే పోయొస్త" అన్నాడు.

నిన్న మధ్యాహ్నం యాదన్న వాళ్ళింటికి వెళ్ళాను. కోచ్ కూడా వచ్చాడు. నా పక్కన కూర్చుని ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. ఆ ఆదివారం తీసిందే.

అందులో యాదన్న నిలబడి ఉన్నాడు.

మోకాళ్ళు కొంచెం వంచి, నడుం నిటారుగా పెట్టి, సదర్‌లో దున్నపోతు తాడు పట్టుకున్నట్టే. చెరువు మధ్యదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. ఒక్కసారి కూడా తూలలేదు.

"రెండో వారానికే ఆయనకి వచ్చేసింది మేడం," అన్నాడు కోచ్. "మీరు బట్టలు మార్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఇలాగే ఒక చుట్టు వెళ్ళొచ్చేవాడు. మీరుంటే మాత్రం లేచేవాడు కాదు. ఎందుకని అడిగితే, 'చెల్లె ఒక్కతే కింద కూసుంటే భయపడ్తది. ఆమె లేచిననాడు నేను లేస్త. నువ్వైతే చెప్పకు' అన్నాడు."

అందరి ముందూ గట్టిగా ఏడ్చేశాను.

అరవై ఏళ్ళ మోకాళ్ళు అన్నా అవి! గట్టి బోర్డు మీద, గంటలకి గంటలు. ఎంత నొప్పి పుట్టిందో ఒక్కనాడూ అనలేదు నువ్వు. నేనేమో నీకు అబద్ధం చెప్పాను.

ఈ ఆదివారం వెళ్తున్నాను. నా పక్కన ఒక బోర్డు ఖాళీగా ఉంచమని కోచ్‌కి చెప్పాను. పడితే పడతాను. కిందకి మాత్రం చూడను.

పోయిరా అన్నా.

ఇక ఎక్కడున్నా చల్లగా, హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చో. లేవడం ఇప్పుడు నా వంతు.