కొత్త రైలుకి ఎండుచేపల గంప

మాది కర్నూలు. అనకాపల్లి స్టేషన్లో ప్యాసింజరు కోసం చూస్తూ, ప్రభుత్వం డబ్బు పెట్టి లోకల్ రైళ్లు మన దేశంలోనే చేయిస్తోందని, వాటి తలుపులు వాటంతటవే మూసుకుంటాయని, లైబ్రరీలో చదివింది పక్కన నిలబడ్డ, రాజయ్యపేట నుంచి వచ్చిన చేపలావిడకి ఉత్సాహంగా చెప్పాను.

ఆమె తన ఎండుచేపల గంపకేసి చూసుకుంది.

"ఇది ఎక్కేలోగా మూసుకుపోతాయేటి? గంప బండెక్కకపోతే మా పొయ్యి ఎలగదు బాబూ."

నేను గంప వెడల్పు చూస్తూ నిలబడ్డాను. ఇంతలో బండి వచ్చింది.

"ఏటలా సూత్తావు? సెయ్యెయ్యి!"

మా వైపు ముక్కూమొహం తెలియనివాళ్లకి ఇలా పని చెప్పరు. ఇక్కడ గంప పక్కన నిలబడితే ఎత్తాల్సిందేనట. అచ్యుతాపురం కంపెనీ యూనిఫాంలో ఉన్నాయన అప్పటికే రెండో పక్క పట్టుకున్నాడు. ముగ్గురం కలిసి ఎక్కించాం.

ఆవిడ గంపని ఆనుకుని కూర్చుంది. "రానీ నీ కొత్త రైలు. తలుపుకి రెండే రెక్కలు. మాకిన్ని సేతులున్నాయి."