మనోడు వేయించిన కొళాయి

ఆంధ్ర విడిపోయింది. చిత్తూరు అటు పోయింది, మా గుడియాత్తం ఇటు తమిళనాట ఉండిపోయింది. మా నేతగాళ్ళ వీధిలో మగవాళ్ళకు ఇక వేరే ఊసే లేదు. అమ్మకు మాత్రం నీళ్ళ ఊసే. ఎండాకాలం బావి అడుగంటితే ఏట్లోకి పోయి, ఇసుకలో చెలమ తోడి, నీరు ఊరేదాకా కూర్చుని బిందె నింపుకోవాలి. నేనూ వెంట పోయేదాన్ని. నడుము పట్టేసి అమ్మ దారిలో కూలబడితే భయంతో ఏడ్చేదాన్ని.

అప్పుడే మునిసిపాలిటీ ఎన్నికలు వచ్చాయి. మా వార్డుకు ఒక కొళాయి వస్తుందనీ, గెలిచిన కౌన్సిలర్ చెప్పిన చోట పెడతారనీ అందరికీ తెలుసు. ఒకవైపు పక్కింటి తమిళాయన నిలబడ్డాడు. ఆయనా నేతగాడే. పొద్దున్నే వీధి పొడవునా పడుగు దారాలు పరిచి గంజి పెట్టాలంటే ఇరుగుపొరుగు చేతులు కావాలి. మా పడుగు రెండో కొస ఎప్పుడూ ఆయనే పట్టేవాడు. కొళాయి మన వీధి మొదట్లో పెట్టిస్తానన్నాడు. ఇంకోవైపు బజారులో బట్టల కొట్టున్న తెలుగు షావుకారు. అంతవరకు మా గడప తొక్కని మనిషి, ఆ వారం వచ్చి మా చాప మీద కూర్చున్నాడు.

"ఆంధ్ర అట్ల పాయ, మనం ఇట్లే నిలిచిపోతిమి. ఈడ మనోడొకడైనా ఉండొద్దా అన్నా? కొళాయి యాడికి పోతాది, మీ వీధికే" అన్నాడు.

ఆ "అన్నా"కు నాన్న కరిగిపోయాడు.

"దినామూ పడుగు పట్టే మనిషిని ఇడిసిపెట్టి ఇంగొకరికా?" అని అమ్మ అడిగింది.

"నీకేం తెలుసు? మన భాషోడు మనకి అన్నాయం చేస్తాడా?" అని ఆమె నోరు మూయించి, ఇల్లిల్లూ తిరిగి తెలుగువాళ్ళ ఓట్లన్నీ షావుకారుకు వేయించాడు. పక్కింటాయన ఓడిపోయాడు. ఆ తర్వాత మా పడుగు దగ్గరికి రాలేదు. ఆ కొస నా చేతికిచ్చారు. నా బలం చాలక దారాలు పుటుక్కున తెగాయి.

వేలూరు నుంచి లారీలో పైపులు వచ్చాయి. మా వీధి దాటుకుని బజారుకు పోయాయి. కొళాయి షావుకారు అరుగు ముందు వెలిసింది.

నిజం చెప్పాలి, అది ఆ బజారు వీధిని మార్చేసింది. అంతకుముందు ఒకరి మొహం ఒకరు చూడని షావుకార్ల ఆడవాళ్ళూ, సాయిబుల ఆడవాళ్ళూ బిందెలు పెట్టుకుని కష్టసుఖాలు చెప్పుకునేవాళ్ళు. పురుడొస్తే ఒకరికొకరు పరుగెత్తేవాళ్ళు. సర్కారు సొమ్ముతో వాళ్ళు చుట్టాలైపోతే, మేము ఉన్న చుట్టాన్ని పోగొట్టుకున్నాం. నాకు కడుపు మండేది. ఇప్పటికీ మండుతుంది.

ఒకరోజు అమ్మ నన్ను వెంటబెట్టుకుని అక్కడికే బిందెతో పోయింది. షావుకారు అరుగు మీద ఉన్నాడు.

"ఇది ఈ వీధోళ్ళకమ్మా. మీకు ఏరు ఉండాది గదా, పో తల్లీ" అన్నాడు, ఎంతో మెత్తగా.

మేము ఇంటికి వచ్చేసరికి నాన్న మగ్గం మీద ఉన్నాడు. ఆశగా తలెత్తి, "ఏమన్నాడు మనోడు?" అని అడిగాడు.

అమ్మ ఖాళీ బిందె దించింది.

"పొమ్మన్నాడు. తెలుగులోనే."