ఒక వైపు ఒలిచిన చెట్లు

మొన్న చాండ్లర్‌లో, మా ఇంట్లో, అమ్మాయి కేక్ కలుపుతూ వెనిల్లా సీసా మూత తీసింది. ఆ వాసన హాల్లోకి రాగానే నేను లేచి బయటికి వెళ్లి నిలబడ్డాను. కొలరాడో కొండల్లో ఎండ తగిలిన పాండరోసా పైన్ చెట్టు బెరడుకి ముక్కు ఆనిస్తే అదే వాసన వస్తుంది. ఆ సంగతి నాకు చూపించిన మనిషి పేరు మేబెల్. ఆవిడ నాకు ఒక మాట అప్పగించింది. చెప్పవలసిన చోట నేను దాన్ని చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి కూడా చాలా ఏళ్లు దాచుకున్నాను. ఆవిడను ఎరగని వాళ్ల కోసం, ఆవిడ గురించి తప్పుగా విన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను హెచ్‌వన్ వీసా మీద డెన్వర్‌లో ఉండేవాణ్ణి. పైపులైన్లు వెళ్లే దారి సర్వే చేసే ఒక కంపెనీలో మ్యాపులు తయారుచేయడం నా ఉద్యోగం. మేబెల్ యూట్ తెగ మనిషి, డెబ్బై దాటిన వయసు. ఆ కొండలన్నీ ఒకప్పుడు ఆవిడ పూర్వీకులవే. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో సైన్యం తుపాకులు పట్టుకుని వాళ్లను అక్కడి నుంచి యూటాకు వెళ్లగొట్టింది. "యూటా అని రాష్ట్రానికి మా పేరే పెట్టుకున్నారు. పేరు పనికొచ్చింది, మేం పనికిరాలేదు" అనేది. లైను దారిలో వాళ్ల పాత ఆనవాళ్లు ఏమైనా ఉంటే చూపించమని కంపెనీ ఆవిడను పిలిపించింది. ఆవిడను కార్లో తిప్పే పని నాకు పడింది. నా డ్రైవింగ్ ఆవిడకు నచ్చేది కాదు. "అబ్బాయ్, సైన్యం తరిమినప్పుడు కూడా మావాళ్లు ఇంత నెమ్మదిగా పోలేదు" అని వెక్కిరించేది. దారిలో వాళ్ల ఎలుగుబంటి నాట్యం గురించి చెప్పేది. వసంతంలో తొలి ఉరుముకి ఎలుగుబంటి నిద్ర లేస్తుందట. అప్పుడు ఆడవాళ్లే మగవాళ్లను నాట్యానికి పిలుస్తారు, కాదనకూడదు. "వరుస తప్పినవాణ్ణి మా తమ్ముడు కొమ్మతో తడతాడు. నువ్వూ రా. నీకు రెండు దెబ్బలు ఖాయం."

ఒక మధ్యాహ్నం కారు ఆపించి, వాగు దాటించి నన్ను ఒక గుబురులోకి తీసుకెళ్లింది. అక్కడ ఏడెనిమిది పెద్ద పైన్ చెట్లు ఉన్నాయి. ప్రతి చెట్టుకూ ఒక వైపు మాత్రం మనిషి ఎత్తున బెరడు ఒలిచిన పాత మచ్చ. వసంతంలో చెట్టులోకి రసం ఎక్కే రోజుల్లో, ఆకలి కాలంలో, వాళ్ల ఆడవాళ్లు బెరడు ఒలిచి లోపలి తీపి పొరను గీకి పిల్లలకు పెట్టేవారు. చుట్టూ ఒలిస్తే చెట్టు చస్తుంది. అందుకే ఒక వైపే ఒలిచేవారు. నేను ఫోన్ తీసి ఫొటో తీయబోతే ఆవిడ నా చెయ్యి కిందికి దించింది.

"ముందు పలకరించు. నీ పేరు చెప్పు, మీ అమ్మ పేరు చెప్పు."

ఇంగ్లీషులో మొదలుపెట్టాను. "మీ భాషలో చెప్పవయ్యా. దానికి ఇంగ్లీషు రాదు" అంది. సిగ్గుపడుతూ తెలుగులో చెప్పాను. ఆవిడ ఒక మచ్చ మీద అరచెయ్యి ఆనించి తన భాషలో ఏదో అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"వీటిని మ్యాప్‌లో పెట్టకు. పెడితే ఎవడో వచ్చి ఈ మచ్చను కోసుకుపోయి సోఫా వెనక గోడకి తగిలించుకుంటాడు. మీ మేనేజర్‌కి నోటితో చెప్పు, లైను కాస్త పక్కకి జరపమను. మాకు నోటి మాటే మాట."

"తప్పకుండా చెప్తానండీ" అన్నాను.

మీటింగ్ ముందు మా టీమ్‌లోని శ్రీనివాస్‌తో ఈ సంగతి అన్నాను. అతనిది కరీంనగర్. "అన్నా, గ్రీన్ కార్డ్ ఫైల్ చేసే టైమ్‌ల మనకెందుకే ఈ లొల్లి? రూట్ మార్చుమంటే బాస్‌కి మండుతది. సప్పుడు జేయక కూసో" అన్నాడు. అతన్ని నిందించను. నాకు వినాలని ఉన్న మాటే అతను అన్నాడు. మీటింగ్‌లో మేనేజర్ "ఆ పెద్దావిడ దేనికైనా అభ్యంతరం చెప్పిందా?" అని అడిగాడు. నేను ల్యాప్‌టాప్‌లోకి చూస్తూ ఉండిపోయాను. లేదనే అర్థం చేసుకుని అతను తర్వాతి విషయానికి వెళ్లిపోయాడు. మ్యాప్‌లో పెట్టవద్దని ఆవిడే అంది కదా, ఆవిడ రహస్యాన్ని కాపాడాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నా పిరికితనానికి ఆవిడ మాటనే అడ్డం పెట్టుకున్నాను.

ఎండాకాలం రాకముందే ఆ చెట్లు కొట్టేశారు. కొన్నాళ్లకు ఆవిడ నా ఫోన్‌లో ఒక మెసేజ్ వదిలింది. గొంతులో కోపం లేదు. "అబ్బాయ్, నువ్వు చెప్పే ఉంటావు, వాళ్లే విని ఉండరు. కానీ కంపెనీ కార్లో తిరిగి, చెట్ల సంగతి నేనే దాచేశానని మావాళ్లు అంటున్నారు. మా తమ్ముడు నాతో మాట్లాడటం లేదు. ఒక్కసారి వచ్చి, నేను నీకు చెప్పానని వాడికి చెప్పు. అంతే చాలు." నన్ను నమ్మింది. ఆ నమ్మకానికే భయపడ్డాను. ఫోన్ చేయలేదు. గ్రీన్ కార్డ్ వచ్చింది, చాండ్లర్‌లో పెద్ద ఉద్యోగం వచ్చింది, ఇల్లు కొన్నాను. ఆవిడ పోయిందని చాలా ఆలస్యంగా తెలిసింది.

నిరుడు వసంతంలో వాళ్ల ఎలుగుబంటి నాట్యానికి కారు వేసుకుని ఒక్కణ్ణే యూటా వెళ్లాను. కొమ్మలు నాటి కట్టిన గుండ్రటి ఆవరణ మధ్య రెండు వరుసలు ఎదురెదురుగా అడుగులు వేస్తున్నాయి. గంట్లు పెట్టిన కర్రను మరో కర్రతో రాస్తుంటే ఎలుగుబంటి గురగుర లాంటి చప్పుడు వస్తోంది. కొమ్మ పట్టుకుని వరుసలు సరిచేస్తున్న ముసలాయనను చూడగానే మేబెల్ తమ్ముడని గుర్తుపట్టాను. అవే కళ్లు. విరామంలో ఆయన దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను.

ఆయన కొమ్మను రెండు చేతుల్లోకి మార్చుకున్నాడు. "మా అక్క ఇదే చెప్పింది. చివరిదాకా ఇదే చెప్పింది. నేనే నమ్మలేదు" అన్నాడు. "ఆసుపత్రిలో ఉంటే చూడటానికి కూడా వెళ్లలేదు" అన్నాడు.

ఆ చెట్లు లేవు, ఆవిడ లేదు, ఆయనకు మిగిలిందీ ఏమీ లేదు. ఇప్పటికీ ఏ కొత్త చెట్టు దగ్గర ఆగినా నా పేరూ అమ్మ పేరూ చెప్పుకునే అలవాటు ఒక్కటే ఆవిడ నాలో వదిలి వెళ్లింది.

"నా ఒక్కడికి చెప్తే ఏం లాభం? అనరాని మాటలు అన్నవాళ్లంతా ఇక్కడే ఉన్నారు. అందరికీ వినబడేలా చెప్పు" అన్నాడాయన. కర్రల చప్పుడు ఆపించాడు. అందరూ నా వైపు తిరిగారు.

"నా పేరు మాధవరావు. మా అమ్మ పేరు సుభద్ర. చెట్ల సంగతి మేబెల్ గారు నాకు చెప్పారు. నేనే మా మేనేజర్‌కి చెప్పలేదు. ఆవిడ తప్పు ఏమీ లేదు. నన్ను క్షమించండి."