గింజ పోస్తే మూలిగే మోటారు

పిండిమర మోటారులో చచ్చిపోయిన మరాయన మూలుగుతున్నాడని పేటంతా నమ్మింది. గొప్పల మేస్త్రి మాత్రం నవ్వాడు. పైకి.

మోటార్లు బాగుచేయడం అతని పని. తొమ్మిదో తరగతి తనని చూసి జడుసుకుని పారిపోయిందని చెప్పుకుంటాడు. ఏటికి అవతల మొరాయించిన మోటారు, ఇవతల తను తుమ్మితే తిరిగిందట. అలాంటివాడు ఆ మర గుమ్మం మాత్రం దాటకుండా తప్పించుకు తిరుగుతున్నాడు. మరాయన అతని ప్రాణస్నేహితుడు, వరసకి బావ. బస్తా ఎత్తుతూ ఆ మోటారు పక్కనే కుప్పకూలాడు.

ఇప్పుడు మరని మరాయన భార్య నడుపుతోంది. నడపడానికి గిరాకీ ఏదీ? పిండి కోసం వచ్చినవాళ్లు ఆ మూలుగు విని, డబ్బాలు చంకన పెట్టుకుని మరో వీధి మరకి పోతున్నారు. ఇద్దరు మెకానిక్కులు వచ్చి, మోటారును ఖాళీగా తిప్పి చూసి, నిక్షేపంగా ఉందని తేల్చారు. దాంతో దెయ్యం ఖాయమైపోయింది. చివరికి ఆమె మేస్త్రిని పిలిపించింది.

"ఖాళీగా ఉంటే నోరెత్తడు అన్నయ్యా. గింజ పోస్తేనే మూలుగుతాడు."

"బతికున్నప్పుడూ అంతే కదా చెల్లెమ్మా! పని చెప్తే మూలిగేవాడు."

ఆమె నవ్వలేదు. తొట్టిలో గోధుమలు పోసింది.

హూఁ... హూఁ... హూఁ...

మేస్త్రి స్క్రూడ్రైవర్ మొనను మోటారు బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. అచ్చం బావే. బస్తా భుజానికెత్తుకునేటప్పటి మూలుగే. చూపు తిప్పుకోవడానికి గోడ మీద కరెంటు కొలిచే ఆంపియర్ మీటరు వైపు తలెత్తాడు. ముల్లు మూలుగుతో పాటే ఊగుతోంది. మూలిగితే పైకి, ఆగితే కిందికి.

"దెయ్యం కరెంటు తాగుతుందా?" అని గొణుక్కుని, మోటారు విప్పాడు.

లోపల తిరిగే రోటరు చుట్టూ రాగి కడ్డీలుంటాయి. రెండు కడ్డీలు, వాటి కొసలను కలిపే రింగు దగ్గర తెగి, నల్లగా కాలి ఉన్నాయి. ఖాళీగా తిరిగినంతసేపూ ఆ లోటు బయటపడదు. బరువు పడితేనే ఊగిసలాట, మూలుగు.

"ఇది బావ చేసిన పనే. తొట్టిలో గింజ ఉండగానే స్విచ్చి వేసేవాడు. వద్దురా అంటే వింటేగా! బరువు మీద లేవలేక కడ్డీలు తెగాయి. వాడుండగానే మొదలై ఉంటుందీ మూలుగు. వాడి మూలుగులో కలిసిపోయి మనకి తెలీలేదు."

"ఆయన చేతిపని అన్నమాట." ఆమె కాలిన చోట వేలు పెట్టింది. "అలాగే ఉంచెయ్యి అన్నయ్యా."

"ఉంచితే కడ్డీ పైకి లేచి చుట్టూ ఉన్న వైండింగు తీగని చీరేస్తుంది. మర కాలుతుంది. పక్కన నిలబడేది నువ్వు."

ఆమె కాలిన చోటు నుంచి వేలు తీసింది. చివరికి తల ఊపింది.

కడ్డీలు మార్చి అతికించాక మోటారు మళ్లీ బిగించాడు. అది తిరగడం మొదలెట్టాకే తొట్టి నిండా గింజ పోశాడు. ముల్లు గోడకి కొట్టిన మేకులా నిలబడింది. మోత ఒక్కటే, సమంగా. వాకిట్లో డబ్బాలతో నలుగురు అప్పుడే తొంగి చూస్తున్నారు.

ఆమె స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుంది. అతనిలాగే మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఏమన్నా వినిపిస్తోందా అన్నయ్యా, నీకు?"

అబద్ధానికి ఏనాడూ తడుముకోని మేస్త్రికి ఆ పూట ఒక్కటీ దొరకలేదు.