చన్నీళ్లకు పోయిన ఎరుపు

తెల్లారి లేస్తూనే పక్కీరమ్మకు మొదటి పని పెనిమిటి పంచ నానేయడంగా ఉండె. ఇప్పుడు బండ మీద ఆమె చీర ఒక్కటే. నాలుగు బాదులు బాదితే అయిపోతాది. ఆ తర్వాత పొద్దు కదలదు.

పెనిమిటి నెట్టికంటప్ప బళ్లారిలో నూలుకు రంగేసేవాడు. తుంగభద్ర కాలవ వచ్చిన ఏడు సొంతూరు రూపనగుడిలో అందరూ వరి నాటినా, ఆయన రంగు తొట్టి వదల్లేదు. తనేసిన ఎరుపు ఉడకబెట్టినా పోదని ఆయన గర్వం. పంచకంటిన ఆ ఎరుపును రుద్దీ రుద్దీ ఇరవై ఏండ్లు ఆమె చేతులు అరిగిపోయినాయి.

పోయినేడు వానలప్పుడు పంచ ముందుపక్క కొత్త మరకలు కనపడినాయి.

"ఏందయ్యా, తొట్లో దిగి కూచుంటాండావా?"

"చల్లగా ఉంటాది గదే" అని నవ్వినాడు. నొప్పి లేదు, ఆయనా పట్టించుకోలేదు. ఆ మరకలు చన్నీళ్లకే పోతాంటే, పని సులువైందని ఆమె సంతోషపడింది.

దీపావళికి నెత్తురు గడ్డలు అడ్డంపడి, ఉచ్చ రాక మెలికలు తిరిగిపోయినాడు. ఆసుపత్రిలో దీపమున్న గొట్టం పెట్టి లోపల చూసినారు.

"ఉచ్చతిత్తిలో రాచపుండమ్మా" అన్నాడు డాక్టరు. "గోడలోకి దిగింది. తిత్తి తీసేసి కడుపు పక్కన ఉచ్చకు దారి పెట్టాల. అట్ల చేసినా పదిమందిలో ఇద్దరో ముగ్గురో ఐదేండ్లు దాటుతారు. లేదంటే బెంగుళూరులో కరెంటు పెట్టిస్తాం, కిరణాలతో పుండును కాలుస్తారు. నెత్తురు తగ్గుతాది, ఆయుస్సు మాత్రం చెప్పలేను."

"ఓటి తొట్టి మాదిరి కారుకుంటా తిరగాల్నా సామీ? కరెంటే పెట్టండి" అన్నాడు నెట్టికంటప్ప.

పక్కీరమ్మ అడిగింది, "వానలప్పుడే వచ్చింటే?"

"అప్పటికి ఇంత లోతు పోయిండదేమో. నెత్తురు కనపడలేదా తల్లీ?"

"రంగనుకుంటి సామీ."

అప్పుడు తట్టింది ఆమెకు. ఆయన రంగు చన్నీళ్లకు పోదు.

బెంగుళూరులో నెలరోజులు కరెంటు పెట్టినారు. నెత్తురు ఆగింది. రెండు నెలలు బాగానే తిరిగినాడు. ఆగలేక ఒకరోజు పనికి పోయొచ్చినాడు. ఆ మాపే ఎరుపు మళ్లీ మొదలైంది. ఆమె గుడ్డలు మార్చడం, ఆయన నడుం పట్టుకుని మూలగడం. మళ్లీ వానలు రాకముందే పోయినాడు.

ఆ రోజు పనికి కట్టుకుపోయిన పంచ ఎర్ర మరకలతో ఇంకా దండెం మీదనే ఉండాది.

"ఇటియ్యక్కా, నా బట్టల్లో నానేస్తా" అనింది పక్కింటి దురుగమ్మ.

"ఉండనీలేమ్మా."

నీళ్లలో ముంచితే ఏది పోతాదో, ఏది నిలుస్తాదో తెలిసిపోతాది. పక్కీరమ్మ తన చీర పిండి ఆరేసుకుని, మిగిలిన చన్నీళ్లు కరివేపాకు చెట్టుకు పోసేసింది.