చెక్క నేల

ఆ బైండింగు షాపు వెనక హాల్లో పుస్తకాలు కుట్టేవాళ్ళంతా చెవిటివాళ్ళే. పక్క షెడ్డులో మిషన్ల రొదకి వినపడేవాళ్ళెవరూ నిలవకపోతే యజమాని వాళ్ళని పెట్టుకున్నాడు. సిగ్గులేని మనిషి, పైగా అదేదో దానధర్మమైనట్టు చెప్పుకునేవాడు. ఒకళ్ళనొకళ్ళు పిలుచుకోవాలంటే వాళ్ళు చెక్క నేలని కాలితో తన్నేవారు. ఆ అదురు అరికాళ్ళకి తగిలి తలలు లేచేవి.

వాళ్ళలో పెద్దక్కకి పనిలో ఎదురు లేదు. మేస్త్రీ పని మాత్రం ప్రతిసారీ నిన్నగాక మొన్న వచ్చిన, చెవులు వినపడేవాడికి దక్కేది. "నిప్పంటుకుని గంట మోగితే మీ అక్కకి వినపడదు కదమ్మా, మేస్త్రీ ఎలా చేస్తాను?" అని యజమాని ఆమె చెల్లెలితో అనేవాడు. చెల్లెలు కౌంటర్లో పనిచేసేది, ఆ పిల్లకి చెవులు వినపడతాయి. ఆ మాట చెల్లెలి సైగల్లో చూసినప్పుడల్లా పెద్దక్కకి ఒళ్ళు మండేది.

మండి ఊరుకోలేదు. ఊళ్ళోని చెవిటివాళ్ళందరినీ కూడగట్టి మునిసిపాలిటీ ఆఫీసు మెట్లమీద కూర్చుంది. పోలీసులు లాగేస్తే మళ్ళీ వచ్చి కూర్చుంది. ఏళ్ళు గడిచాక రూలు వచ్చింది. గంట ఉన్నచోటల్లా ఎర్రదీపం ఉండాలి, చెవుడు సాకుతో ఎవరికీ పై ఉద్యోగం ఆపకూడదు.

యజమాని దీపం పెట్టించాడు. ఎక్కడ? తన గదిలో, తన కుర్చీకి ఎదురుగా! తనిఖీకి వచ్చిన అధికారి సరేనని తలూపబోతుంటే పెద్దక్క ఆయన్ని రెక్క పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చి, గంట మోగించమని సైగ చేసింది. గంట గొంతు చించుకుంది. ఒక్క తలా లేవలేదు. అప్పుడామె నేలని ఒక్క తన్ను తన్నింది. అందరూ లేచి నిలబడ్డారు. దీపం హాల్లోకి వచ్చింది, మేస్త్రీ పని పెద్దక్కకి వచ్చింది.

యజమాని కడుపుమంట చల్లారలేదు. అందరికీ సెలవిచ్చి, చెక్క అంటుకుంటుందన్న నెపంతో పలకలు పీకించి సిమెంటు చేయించాడు. తిరిగొచ్చిన పెద్దక్క ఎంత తన్నినా మడమ నొప్పెట్టిందే తప్ప ఒక్కరూ తలెత్తలేదు. గుమ్మంలో నిలబడి యజమాని నవ్వుతున్నాడు. నవ్వు చూడటానికి చెవులక్కర్లేదు.

ఆమె తిన్నగా వెళ్ళి ఎర్రదీపం మీట నొక్కింది. అంతా వీధిలోకి పరుగెత్తారు. "చెక్క నేల మళ్ళీ వేసేదాకా ఎవరూ లోపలికి పోవద్దు," అని అందరికీ సైగ చేసింది.

"మీ అక్కకి బుద్ధి చెప్పవే! రేపు సరుకు పంపాలి!" యజమాని చెల్లెలి మీద విరుచుకుపడ్డాడు.

చెల్లెలు చేతులు కట్టుకుంది. "అక్క మీ ఎదురుగానే ఉందిగా. తనతోనే చెప్పుకోండి."

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన పెద్దక్క వైపు తిరిగి చేతులు ఊపాడు. తలుపు చూపించాడు, కాళ్ళకింద నేల చూపించాడు, చివరికి దండం కూడా పెట్టాడు. ఆయన చెప్పేది వాళ్ళందరికీ అర్థమైంది. అర్థం కానట్టే నిలబడ్డారు.