గిటారు ఉంచుదామా, ఇచ్చేద్దామా

మా ఆయన గిటారు కొన్న రోజున ఇంట్లో ఏ గొడవా లేదు. మర్నాడు పొద్దున కాఫీ దగ్గర మొదలైంది.

"షాపులో ఆ పక్కన వేలాడుతున్నదే బాగుందేమోనే," అన్నారు.

"మరి దాన్నే తేవాల్సింది."

"దాని రంగు మరీ ముదురు."

ఆయన చాలా ఏళ్లు కువైట్‌లో కారు నడిపారు. అక్కడ గదిలో ఉండే కేరళాయన ఒకరు సాయంత్రాలు గిటారు వాయించేవారట. ఊరికి వచ్చేశాక, మోకాళ్లు పట్టేసే వయసులో, ఆ ముచ్చట తీర్చుకుందామని రాజమండ్రి వెళ్లి కొనుక్కుని, రాజోలు బస్సులో చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. నేను పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి దాచుకునే మనిషిని. అయినా ఒక్క మాట అనలేదు. ఎండలో కష్టపడ్డ మనిషి, కొనుక్కున్నారు, వాయించుకుంటారు అనుకున్నాను. వాయిస్తే కదా!

రోజూ దాన్ని కొబ్బరికాయలా వేలితో కొట్టి వినడమే. మెడ వంగిందంటారు. తీగలు ఎత్తుగా ఉన్నాయంటారు. కాకినాడలో చదువుకుంటున్న మా మనవరాలికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, టింగుమనిపించి వినిపించేవారు.

"ఏమ్మా, చెక్క మంచిదేనంటావా?"

"చెక్క సంగతి తర్వాత తాతయ్యా. ముందు ట్యూన్ చేసేవా?"

"ఎంత తిప్పినా శ్రుతి జారిపోతోందమ్మా. అదే నా అనుమానం."

"కొత్త తీగలు కదా, వాయిస్తుంటే అవే కుదురుకుంటాయి. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని వంకలు పెట్టేవా ఏంటి?"

"లేదమ్మా," అన్నాను వంటింట్లోంచి. "అప్పుడు మీ తాతయ్య తల కూడా ఎత్తలేదు."

నాలుగో తరగతితో ఆగిన నన్నూ వదల్లేదు. "నువ్వు చెప్పు. ఉంచుదామా, ఇచ్చేద్దామా? షాపువాడు మార్చి ఇస్తానన్నాడు."

"ఏదో ఒకటి చెయ్యండి. ముందు ఆ మంచం మీంచి తియ్యండి, బట్టలు మడతపెట్టుకోవాలి."

అసలు సంగతి నాకు తెలుసు. కోతల పండుగ ఆదివారం ఆరాధనలో ఒక పాట వాయిస్తానని పాస్టరుగారికి మాట ఇచ్చేశారు. పండుగ దగ్గరపడే కొద్దీ గిటారులో లోపాలు పెరుగుతూ వచ్చాయి. వేళ్లు వణుకుతున్నాయని చెప్పుకోవడం కన్నా చెక్క బాగోలేదనడం సుళువు కదా.

మా చర్చిలో కోతల పండుగ అంటే, ఎవరి చేలో, ఎవరి దొడ్లో పండింది వాళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ డబ్బు చర్చికి. నేను అరటిగెల ఆటోలో వేయించుకుని ముందే వెళ్లాను. ఆయన వెనకాల వచ్చారు. పాట వేళకి పాస్టరుగారు చూస్తే, ఈయన గుడ్డ కట్టిన చూపుడువేలు చూపించారు. పొద్దున ఇంట్లో ఆ గుడ్డ లేదు.

ఆరాధన అయ్యాక బల్ల వైపు చూద్దును కదా, గుమ్మడికాయలకీ వరికంకులకీ మధ్య మా గిటారు! దేవుడికి ఇచ్చేస్తే ఇంక అడిగేవాళ్లుండరు. వాయించక్కర్లేదు, షాపుకి మోసుకెళ్లక్కర్లేదు. ఎంత తెలివి!

"ఆయ్, ఇప్పుడు గిటారండీ. కొత్తది," అన్నారు వేలం వేస్తున్న సంఘపెద్ద.

కోళ్లఫారం ఆయన లేచి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచి సరుకండీ. మెడ చూడండి, ఎంత తిన్నగా ఉందో," అని గుమ్మడికాయ ధర చెప్పాడు.

నాకు ఒళ్లు మండింది. చెయ్యెత్తాను. సంఘపెద్ద ధర పెంచారు. మా చర్చిలో ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చుంటాం. నాకు స్తంభం అడ్డు. అటు ఎవరు చెయ్యెత్తుతున్నారో కనబడదు. బల్ల దగ్గరున్న కోళ్లఫారం ఆయన వేలం మధ్యలోనే వదిలేసి వెళ్లి కూర్చున్నాడు. అయినా ధర ఆగదే! నేనెత్తితే అటు ఎత్తుతున్నారు, అటు ఎత్తితే నేనెత్తుతున్నాను.

చివరికి సంఘపెద్ద కళ్లజోడు తీసేశారు. "అమ్మగారూ, కాస్త ఆగండి. అటు చెయ్యెత్తుతోంది మీ ఆయనగారేనండీ."

చర్చంతా గొల్లున నవ్వింది. స్తంభం పక్కనుంచి వంగి చూస్తే, ఆ గుడ్డ కట్టిన వేలే ఇంకా పైకెత్తి ఉంది.

"మీరే ఇచ్చేరు కదండీ, మళ్లీ ఎందుకు?" అన్నాను ఇక్కణ్ణుంచే.

"మెడ తిన్నగా ఉందన్నాడు కదే ఆయన!"

"కోళ్లు అమ్మే ఆయన మాట మీద అంత గురా?"

"మరి నువ్వెందుకు పెంచేవు?"

అంతమందిలో ఏం చెప్పను? వంకలు పెడుతూనే పొద్దున్నే దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆయన మొహం ఎలా వెలిగేదో నేను చూశాను. దాన్ని గుమ్మడికాయ ధరకి పోనివ్వడానికి నాకు మనసొప్పలేదు.

"ఎవరికిచ్చినా ఆ ఇంటికే కదండీ," అన్నారు సంఘపెద్ద. "కాకపోతే వాయించి పట్టుకెళ్లాలి."

ఆయన బిక్కమొహం వేసి నా వైపు చూశారు.

"గుడ్డ విప్పండి," అన్నాను.

అరటిగెలల పక్కన నిలబడి వాయించారు. పల్లవి బాగానే సాగింది. చరణంలో తప్పారు. ఆడవాళ్లం గొంతు పెంచి పాడేసి, ఆయన మళ్లీ అందుకునేదాకా లాక్కొచ్చాం. చెమటతో చొక్కా తడిసింది గానీ చివరిదాకా ఆగలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేనేమంటానోనని ఓరగా చూస్తున్నారు.

"పల్లవి పర్వాలేదు," అన్నాను. "చరణం రేపట్నుంచి పొద్దున్నే కూర్చుని నేర్చుకోండి. ఒకే గిటారుని రెండుసార్లు కొన్నాం, ఇంక వంకలు పెడితే ఊరుకోను."